నోటి మంటా, అడ్డపొగా

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో చిక్కుడుకాయలుంటే ఈనెలు తీసుకుంటూనే వినండి, నేనేమీ అనుకోను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడం కంటే చెప్పడమే నాకు బాగా వచ్చు, అందుకని చెబుతున్నట్టే రాస్తున్నాను. ఇది నా నోటి సంగతి. ఆడవాళ్ళం మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంటాం, నడుం నొప్పి చెప్పుకుంటాం. నోరు మండుతోందంటే మాత్రం విన్నవాళ్ళు నవ్వుతారు, మిరపకాయలు తగ్గించమంటారు.

మాది రాజాం దగ్గర వరీ నువ్వులూ పండించుకునే ఊరు. నాకు నలభై ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఒకరోజు పొద్దున్న చల్దన్నం తింటుంటే నాలుక కొన చురుక్కుమంది. టీ వేడిగా తాగేసి కాల్చుకున్నాననుకున్నాను. మర్నాడూ అంతే. మూడోరోజు టీ మానేశాను, మంట మానలేదు. పొద్దున్న లేవగానే కొంచెమే ఉండేది. పొద్దెక్కేకొద్దీ అదీ ఎక్కేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పచ్చిమిరపకాయ చీల్చి నాలుక మీద రుద్దినట్టుండేది. అద్దంలో చూసుకుంటే పొక్కు లేదు, పుండు లేదు, ఎరుపు కూడా లేదు. కనబడని దాన్ని ఎవరికి చూపించను?

ఆ తర్వాత ఒక్కొక్క కూరా నాకు శత్రువైపోయింది. ముందు చింతపండు పులుసు. తర్వాత గోంగూర, టమాటా. వంకాయ తింటే పెదవులు దురద పెట్టేవి, పుట్టి బుద్ధెరిగాక నాకు వంకాయ పడకపోవడం అదే మొదలు. ఎండు నెత్తళ్ళ చేపల వేపుడు నా ప్రాణం, దాని ఉప్పు తగిలితే కళ్ళ నీళ్ళు వచ్చేవి. పళ్ళు తోముకునే పేస్టు సైతం కారంగా ఉండేది. మంచినీళ్ళు తాగితే తుప్పు పట్టిన చెంబు నాకినట్టుండేది. కంచం ముందు కూర్చున్నదాన్ని రెండు ముద్దలకి లేచి కుళాయి దగ్గరికెళ్ళి పుక్కిలించి వచ్చేదాన్ని. మళ్ళీ కూర్చునేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని. ఫ్రిజ్‌లో ఐసుముక్క తీసి బుగ్గన పెట్టుకుని పెరట్లో తిరిగేదాన్ని. ఇల్లు తుడుస్తూ సగంలో వదిలేసి బట్టల దగ్గరికి వెళ్ళేదాన్ని, అక్కడా నిలవలేక పశువుల దగ్గరికి.

మా ఆయన చూసి చూసి అన్నాడు, "ఏటే, కంచం ముందు ఓ పాలి కుదురుగా కూకోలేవేటి? గుడ్డుకొచ్చిన పెట్టలాగ తిరుగుతన్నావు."

"నోరు మండుతన్నాది మావా."

"నీ నోరు ఎప్పుడు మండలేదు గనక!"

ఆ ఏడాది నెలసరి కూడా నన్ను ఆడించింది. రెండు నెలలు వచ్చి మూడు నెలలు మానేసేది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి పట్టినట్టు చెమటలు. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నాకు తట్టలేదు. మా అత్తకి తట్టింది కానీ, తప్పుగా తట్టింది. నేను మజ్జిగన్నం కూడా పక్కకి నెట్టేసిన రోజున కొడుకు ఎదురుగానే అడిగేసింది.

"నెల తప్పిపోనాది. పులుపు సయించదు, ఏది ఎట్టినా మొకం తిప్పీసుకుంటన్నాది. ఒసే, ఈ వయసులో నా కొడుకు ఏటి సేసినాడే?"

మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని బయటికి పోయాడు. నేను నవ్వాను, అత్త కూడా నవ్వింది. గట్టిగా నవ్వితే నోరు ఇంకా మండింది.

మందుల షాపు కుర్రాడు బి కాంప్లెక్స్ ఇచ్చాడు. మా ఊళ్ళో నోటి సంగతి ఏది చెప్పినా అదే ఇస్తారు. వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగాను, బార్లీ కాచుకున్నాను, నడినెత్తిన ఆముదం పెట్టుకున్నాను. వేటికీ లొంగలేదు.

ఇక్కడ అడ్డపొగ సంగతి చెప్పకపోతే మీకు నా భయం అర్థం కాదు. మా వైపు పెద్ద ఆడవాళ్ళు చుట్టని తిరగేసి కాలుస్తారు, అదే అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో, చల్లటి కొస బయట. చూడనివాళ్ళకి వింతగా ఉంటుంది. వానలో వంగి నాట్లు వేస్తున్నప్పుడు నిప్పు ఆరదు, చంకలో పసిపిల్ల ఉంటే మీద బూడిద రాలదు, నోరు వెచ్చగా ఉంటుంది. కాపురానికి వచ్చిన మొదటి ఏడు నాట్లలో నేను వణుకుతుంటే మా అత్తే నాకు నేర్పింది. నేను రోజుకి ఒకటి కాల్చేదాన్ని. మా అమ్మాయి కాలేజీలో చేరాక, "నీ పక్కన పడుకుంటే నా జడ కూడా చుట్ట వాసనొస్తోందమ్మా" అని ఏడిస్తే మానేశాను. అత్త మానలేదు.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, ఈ పొగతోనే పోయింది. అంగిట్లో కన్నం పడింది. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. నేను చిన్నపిల్లని, తలుపు చాటు నుంచి చూశాను. నోరు మండిన మొదటి వారం నుంచీ నాకు ఆవిడే కళ్ళ ముందు. ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

అలాంటప్పుడు నేనేం చేశానో వినండి, తిట్టుకోండి. ఒక సాయంత్రం అరుగు మీద నేను నాలుక బయటపెట్టి విసురుకుంటుంటే అత్త తన చుట్ట తీసి నాకిచ్చింది.

"ఒక్క దమ్ము లాగే గుంటా. నాకు పన్ను పోటొచ్చినప్పుడల్లా దీనితోనే సచ్చీది. మంటకి మంటే మందు."

లాగాను. నిజంగానే మొద్దుబారింది. గంటసేపు హాయిగా ఉంది. ఆ గంట కోసం మర్నాడు రెండు కాల్చాను, వారం తిరిగేసరికి నాలుగు. దేనివల్ల చస్తానని భయపడుతున్నానో దాన్నే చేజేతులా నోట్లో పెట్టుకున్నాను. మా ఊళ్ళో నోరు నొప్పి పెట్టిన ఆడవాళ్ళు చాలామంది చేసే పని ఇదే. మొద్దు వదిలాక మంట రెట్టింపుగా వచ్చేది. తిండి తగ్గింది. జాకెట్లు వదులైపోయాయి.

ఒకరోజు పొద్దున్న మా ఆయన ఫోను తీసుకుని దాని లైటు నోట్లోకి వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. వెనకనుంచి వచ్చాడు.

"ఏటి సూత్తన్నావే?"

"కన్నం."

"ఏ కన్నం?"

అప్పుడు చెప్పాను, పెద్దమ్మ సంగతంతా. ఆయన ఇంక వెటకారం ఆడలేదు. "పద, రాజాం ఎలిపోదాం" అన్నాడు. చీర మార్చుకునేలోగా మా అత్త చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నానూ వస్తాను. డాట్రు ఏటంటాదో నాను ఇనాల" అంది. ముగ్గురం ఆటో ఎక్కాం.

పళ్ళ డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. అక్కడ బెంచీ మీద కూర్చున్నంతసేపూ నా కాళ్ళు ఆగలేదు. అత్త నా మోకాలి మీద చెయ్యేసి నొక్కింది. "నేల తవ్వీకు, ఆళ్ళ గచ్చు పోతాది" అంది.

డాక్టరమ్మ లైటు వేసి అంగిలి, బుగ్గలు, నాలుక కింద, అన్నీ నెమ్మదిగా చూసింది. నేను ఆవిడ కళ్ళనే చూస్తున్నాను, ఎక్కడ ఆగుతాయోనని. ఆగలేదు. తర్వాత ఆవిడ అడిగిన మాటకి నాకు సిగ్గేసింది.

"నెలసరి సరిగ్గా వస్తోందా అమ్మా?"

పళ్ళకీ దానికీ ఏం సంబంధమని నేను నీళ్ళు నములుతుంటే, వెనకనుంచి అత్త అందుకుంది. "ఎక్కడొస్తన్నాదమ్మా! మొన్న నాను కడుపనుకున్నాను."

డాక్టరమ్మ నవ్వింది. "ముట్లు ఆగిపోయే వయసులో కొందరికి ఇలా నోరు మండుతుంది. పుండు కనబడదు గానీ మంట నిజమే, మీరు ఊహించుకుంటున్నది కాదు. అంగిట్లో పొగ మరక తప్ప భయపడాల్సిందేమీ నాకు కనబడలేదు" అంది.

మంట నిజమేనన్న ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఇంకా చాలా చెప్పింది. రక్తం చూపించుకోమంది, సుగరూ రక్తహీనతా ఉన్నాయేమో తెలుస్తుందని. పులుపు, కారం, వేడి కొన్నాళ్ళు తగ్గించమంది. ఘాటు లేని పేస్టు వాడమంది. కొంచెం కొంచెంగా చల్లటి నీళ్ళు తాగుతుండమంది. తగ్గడానికి నెలలు పట్టొచ్చంది. చుట్ట మాత్రం ఈ క్షణం నుంచే మానాలంది.

నేను కుర్చీ దిగాను. ప్రాణం తేలికపడింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. రోజుకొకటి కాల్చి మానేసి, మళ్ళీ మొన్న మొదలెట్టిన నా నోటికే ఆవిడ అంతసేపు లైటు వేసి చూస్తే, యాభై ఏళ్ళుగా కాలుస్తున్న నోరు నా పక్కనే ఉంది కదా అనిపించింది.

"ఓ పాలి మా అత్త నోరు కూడా సూడండమ్మా."

"నాకేటయిందే? రాళ్ళెట్టు, నమిలీగల్ను. మంట లేదు, నొప్పి లేదు" అంటూ అత్త గునిసింది. అయినా కుర్చీ ఎక్కింది. మెత్తగా ఉందని మెచ్చుకుంది కూడా.

డాక్టరమ్మ కళ్ళు ఈసారి ఆగాయి. లైటు దగ్గరికి లాక్కుంది. అంగిలి అంతా తెల్లగా మందంగా ఉందట, మధ్యలో ఒకచోట ఎర్రగా మచ్చ. నొప్పి లేకపోవడమే ఇందులో మోసమంది. శ్రీకాకుళం పంపించింది. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు.

జవాబు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. నా మంట నాకుంది గానీ, దాని మీద ధ్యాస లేదు. అత్త ఆ పన్నెండు రోజులూ చుట్ట ముట్టలేదు. ముట్టక, కూర్చోలేక, ఇల్లంతా తిరిగింది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది, కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగింది. నేను ఐసుముక్కతో ఒకవైపు, ఆవిడ ఖాళీ నోటితో ఒకవైపు. మా ఆయన, "ఇద్దరూ ఒకలెనక ఒకలు గానుగెద్దుల్లాగున్నారు" అన్నాడు.

"నీకేటి తెలుస్తాదిరా, నోరు కట్టీసుకుంటే" అంది అత్త. తర్వాత నా వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత మెల్లగా, "నీకూ నేర్పీసినాను కదే గుంటా" అంది. చల్లటి మజ్జిగ గ్లాసు చేతికిచ్చాను.

ఇంకా మా పెద్దమ్మకొచ్చిన జబ్బు కాలేదన్నారు. కానీ అటు నడుస్తోందన్నారు. పొగ మళ్ళీ ముట్టకూడదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలన్నారు. ఇప్పటికి రెండుసార్లు వెళ్ళొచ్చాం. ఎరుపు తగ్గింది, తెలుపు ఇంకా ఉంది. నాకు రక్తం తక్కువని తేలింది, మాత్రలు మింగుతున్నాను. మంట కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. ఉన్నరోజు చప్పటి సొరకాయ, పెరుగు, చల్లార్చిన చోడి అంబలి, అదే రాగి జావ. వంకాయ జోలికి మాత్రం ఇప్పటికీ వెళ్ళను.

ఆదివారం పొద్దున్న మా అత్త వాకిట్లో వెలుగున్నవైపు తిరిగి నోరు తెరుస్తుంది, నేను చూస్తాను. "ఏటి కనబడతన్నాది, సెప్పీ" అంటుంది. "నీ నాలికంత పొడుగు ఇంకేటీ నేదు అత్తా" అంటాను. వీపు మీద ఒక దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ గట్టిగా పడితే ఆ వారం నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇంతసేపు విన్నారు. మీ ఇంట్లో అందరి నోళ్ళూ చల్లగా ఉండాలి. మీ ఇంట పెద్దవాళ్ళు మీ మాట వినాలి, చిన్నవాళ్ళు కడుపునిండా తినాలి. పులుపైనా కారమైనా వండినదల్లా మీకు పడాలి.