గేటు నుంచి పోర్టికో దాకా

నర్సీపట్నంలో కృష్ణదేవిపేట వెళ్ళే రోడ్డు పక్కన మా ఇల్లు. కట్టిన కొత్తలో రోడ్డుకంటే ఎత్తులోనే ఉండేది. రోడ్డు వేసిన ప్రతిసారీ అది కాస్త పెరిగింది, ఇల్లు పెరగలేదు. దాంతో గేటు నుంచి పోర్టికో దాకా ఉన్న పాతిక అడుగుల జాగా పల్లమైపోయింది. అక్కడ ఎర్ర గ్రావెల్ పోయించి చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాం. మొన్నామధ్య సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక, మొదటి వానకే ముందు చక్రాలు దిగబడిపోయాయి. ఎదురింటాయన వచ్చి వెనక నుంచి తోస్తూ, "కారు కొన్నారు, బాగానే ఉంది. ఇక దారి కూడా కొనండి" అన్నాడు.

ఆ మాట నా భార్యకి గుచ్చుకుంది. కాంక్రీటు వేయిద్దామంది. సరేనన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చేసింది.

మా బావగారు కాలువల శాఖలో పనిచేసి రిటైరై విశాఖలో ఉంటున్నారు. నీళ్ళ సంగతి ఆయన్ని మించి తెలిసినవాళ్ళు లేరని మా చుట్టాలందరి నమ్మకం. ఆ శాఖలో ఆయన చూసినవి సిబ్బంది సెలవుల ఫైళ్ళేనని, కాలువ గట్టెక్కింది పిక్నిక్కి వెళ్ళినప్పుడేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రెండు రోజులుంటానని వచ్చి మూడు వారాలున్నారు. పోర్టికోలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, మెడలో కొలతల టేపు వేసుకుని కూర్చునేవారు. ఆ టేపుతో ఆయన ఏదన్నా కొలవగా నేను చూడలేదు.

పనికి రావికమతం వైపు నుంచి ఒక తాపీ మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఆయన భార్యే తట్ట మోసేది. మొదటి రోజు మేస్త్రి బకెట్టుతో నీళ్ళడిగి, గేటు దగ్గర ఒంపేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు అటూ ఇటూ చూడకుండా నేరుగా వచ్చి పోర్టికో మెట్టుకి తగిలి ఆగాయి.

"వాటం ఇంటేపు ఉందండి," అన్నాడు. "ఈ గోడేపు దించుకుంటూ వచ్చి, గోడంట సిన్న కాలవ ఒగ్గీసుకోవాల. అప్పుడు వాన నీరు పెరట్లోకి ఎల్లిపోతాది."

బావగారు నవ్వారు. "ఒక పక్కకి దించితే కారు ఒరిగి నిలబడుతుందయ్యా. చూసేవాళ్ళేమనుకుంటారు? గచ్చు అన్నాక క్యారమ్ బోర్డులా ఉండాలి."

"బోర్డు మీద వాన పడదు కదండీ," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా.

"నీళ్ళ గురించి నువ్వు నాకు చెప్తున్నావా?"

మేస్త్రి నా వైపు చూశాడు. ఇల్లు నాది, గచ్చు నాది, ఆ నీళ్ళు ఎటు వచ్చాయో నా కళ్ళతో చూశాను. కానీ ఆయన నా భార్యకి అన్నగారు, నాకంటే పెద్ద, పైగా ఇంటికొచ్చిన మనిషి. ఇన్ని మర్యాదలు ఒకేసారి అడ్డొస్తే పిరికితనానికి వేరే పేరు అక్కర్లేదు. "బావగారు చెప్పినట్టే కానివ్వండి" అన్నాను.

మేస్త్రి మళ్ళీ వాటం మాటెత్తలేదు. ఆయన భార్య మాత్రం తట్ట దించుతూ, నాకు వినబడేలాగే, "మనకేటి. తడిసేది మన కాళ్ళు కాదు కదా" అంది.

గచ్చు నిజంగానే క్యారమ్ బోర్డులా వచ్చింది. దాని మందం కలిసేసరికి పోర్టికో మెట్టు సగం కనబడకుండా పోయింది. బావగారు దాన్నీ మెచ్చుకున్నారు. ముసలివాళ్ళు ఎక్కడం తేలికవుతుందన్నారు. గచ్చు గట్టిపడ్డాక ఒక ఆదివారం చుట్టాలని భోజనానికి పిలిపించారు. గచ్చు చూడ్డానికి భోజనాలేమిటని అడిగితే, "మంచి పని నలుగురూ చూడాలి" అన్నారు.

కొత్త గచ్చు మీద మరకలు పడతాయని ఆయన గేటు దగ్గర నిలబడి అందరిచేతా చెప్పులు విప్పించారు. మిట్టమధ్యాహ్నం ఎండ. మా పిన్నత్తగారు పాతిక అడుగులూ గెంతుకుంటూ వచ్చి, పోర్టికోలో పడ్డాక, "చాలా బాగుంది బాబూ" అని అరికాళ్ళు నిమురుకున్నారు.

అందరూ పప్పులో నెయ్యి వేసుకునే వేళకి మబ్బు పట్టింది. సాంబారు వడ్డించేసరికి వాన అందుకుంది. మామూలు వాన కాదు, కొండల మీంచి దిగొచ్చే రకం. రోడ్డు మీది నీళ్ళు గేటు కింది నుంచి లోపలికొచ్చాయి. గచ్చు నిండింది. ఇక ఎటూ పోవడానికి లేక, ఎక్కడానికి తేలికైన ఆ మెట్టెక్కి హాల్లోకి వచ్చాయి. ముందు రబ్బరు చెప్పులు తేలుకుంటూ వచ్చాయి. వాటి వెనక ఎవరిదో ఒంటి శాండల్. మా పిన్నత్తగారు తన జోడు గుర్తుపట్టి, ఎంగిలి చెయ్యి ఎత్తిపెట్టి, ఎడంచేత్తో ఒడుపుగా అందుకున్నారు.

బావగారు కాళ్ళు రెండూ కుర్చీ మీదకి మడుచుకుని పెరుగన్నం పూర్తి చేశారు. చెయ్యి కడుక్కున్నాక, "సిమెంటు పాళ్ళు సరిగా కలపలేదు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రిని పిలిపించింది కూడా ఆయనే. ఎదురింటాయన గోడ మీంచి చూస్తున్నాడు. వాన వల్ల ఆగిపోయిన చుట్టాలు నలుగురు పోర్టికోలో కాఫీలు తాగుతున్నారు. "నీ పనితనానికి హాల్లో చేపలు పెంచుకోవలసి వచ్చేలా ఉంది," అన్నారు బావగారు, అందరికీ వినబడేలా.

మేస్త్రి మళ్ళీ నా వైపు చూశాడు. నేను ఆరబెట్టిన చెప్పుల వైపు చూశాను.

అప్పుడు నా భార్య తడిగుడ్డ చేత్తోనే బయటికి వచ్చింది. రాత్రంతా ఆ హాలు తుడిచింది ఆవిడే. "అన్నయ్యా, మొదటి రోజు ఆయన వాటం గురించి చెప్పినప్పుడు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. క్యారమ్ బోర్డన్నది నువ్వు. తలూపింది ఈయన. మధ్యలో ఆయన్నెందుకు అంటావు?"

బావగారు మెడలోని టేపు తీసి చుట్టారు. "విశాఖ బస్సు ఎన్నింటికి?" అని అడిగారు.

ఆ వారమే మిషను తెప్పించి గచ్చు పగలగొట్టాం. వీధంతా ఆ మోత విని కారణం కనుక్కుని వెళ్ళింది. మేస్త్రి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి నేను కుర్చీ వేసుకోలేదు. రెండో రోజు ఆయన దగ్గరికెళ్ళి, "ఆ వేళ నేను మాట్లాడాల్సింది" అన్నాను.

ఆయన తాపీ ఆపలేదు. "నాకెందుకండీ. తట్టలు మోసింది మా ఆడది. రెండుసార్లు మోసింది. దానికి సెప్పండి."

వెళ్ళి ఆవిడకి చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, కంకర ముక్క ఒకటి పాదం కింద నుంచి తీసి పడేసింది. "సర్లెండి బాబూ. ఈపాలి మీ బావగారొస్తే మాకు బేగి కబురెట్టండి. పనికి లోటుండదు."

నీళ్ళిప్పుడు గోడ వారన పారి పెరట్లోకి పోతున్నాయి. మొన్న పెద్ద వాన పడ్డాక బావగారు ఫోన్ చేశారు. నా భార్య స్పీకర్లో పెట్టింది. నీళ్ళు బాగానే పోతున్నాయని చెబితే, "మరి నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానుగా" అన్నారు.

"అవును బావగారూ," అన్నాను. నా భార్య ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.