అమ్మ నొప్పికి అంకె

రాష్ట్రం విడిపోయిన ఏడాది మా అమ్మకి కీళ్ళవాతం అని తేలింది. నేనప్పుడు విజయనగరంలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. నాన్న పోయాక అమ్మను బొబ్బిలి నుంచి నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. ఇంట్లో ఇద్దరమే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆవిడకు అసలు కోపమే రాదు. నాకు ఆ శాంతం చూస్తేనే ఒళ్ళు మండేది.

కీళ్ళ డాక్టరు నెలకోసారి విశాఖపట్నం నుంచి మా ఊరి ఆస్పత్రికి వచ్చేవారు. మమ్మల్ని ఆయన గదిలోకి పిలిచే ముందు అక్కడ పనిచేసే ఒక అమ్మాయి మా బెంచీ దగ్గరికి వచ్చి కాగితం నింపేది. నొప్పి పదికి ఎంత? సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఓర్చుకోలేనంత. పొద్దున్న లేచాక వేళ్ళు ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటాయి? కుళాయి తిప్పగలరా? జాకెట్టు హుక్కులు పెట్టుకోగలరా? అన్నీ ఇలాంటివే.

"ఎలాగున్నారమ్మా?" అని మొదలుపెట్టేది ఆ పిల్ల.

"దేవుని కృప తల్లీ, బాగున్నాను."

"నొప్పి ఎంత వేసుకోమంటారు?"

"ఏటుందమ్మా, కొంచెమే. ఒకటెయ్యి."

మూడు నెలలు ఇదే వరస. మూడోసారి డాక్టరు రక్తపరీక్ష కాగితం ఒక చేత్తో, ఈ కాగితం ఇంకో చేత్తో పట్టుకుని నా వైపు చూశారు. "రక్తంలో వాపు బాగా కనిపిస్తోంది. ఈవిడేమో ఏమీ లేదంటున్నారు. గట్టి మందుకు మారాలంటే ఈవిడ బాధ ఎంతో నాకు సరిగ్గా తెలియాలి. ఆలస్యం చేస్తే వేళ్ళు వంకరపోతాయి, ఆ తర్వాత ఏ మందూ వాటిని సరిచెయ్యలేదు."

ఆటోలో నా నోరు ఆగలేదు. "ఆదివారం చర్చికెళ్ళి, సోమవారం డాక్టరుకి అబద్ధాలు సెప్తావేటమ్మా? చేతులు పోతే ఆ పిల్లొచ్చి అన్నం పెడతాదా?"

"అబద్ధం ఏటే? ఆయన కృప లేకపోతే ఈపాటికి ఏటయిపోదునో. ఎవులైనా ఎలాగున్నావంటే బాగోనేదని సెప్తామేటి, పాపం కాదూ?"

నెత్తి బాదుకున్నాను. ఆటో అతను అద్దంలోంచి చూసి నవ్వాడు. వాణ్ణీ నాలుగు తిట్టాలనిపించింది.

ఆ శుక్రవారం మా చర్చి స్త్రీల ప్రార్థన కూడిక మా ఇంట్లో జరిగింది. పదిమంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. మొదట సాక్ష్యాలు చెప్పుకున్నారు. అమ్మ లేచి, దేవుడు నన్ను ఈ వారమంతా చల్లగా కాపాడాడు, స్తోత్రం అంది. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత ప్రార్థన మనవులు. ఒకావిడ కొడుకు తాగుడు గురించి చెప్పి ఏడ్చింది. ఇంకొకావిడ గర్భసంచి గురించి చెప్పింది. అప్పుడు అమ్మ గొంతు వినిపించింది.

"నా సేతుల కోసం ప్రార్థన సెయ్యండమ్మా. జాకెట్టు హుక్కులు ఎట్టుకోలేకపోతన్నాను. పైట సుట్టూ కప్పేసుకుంటన్నాను."

టీ పొంగి పొయ్యి మీద పోయింది. ఓలమ్మ, అదా సంగతి! ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఎలాగున్నారు అని అడుగుతూ ఉంటే, మా అమ్మ సాక్ష్యం చెబుతోంది. సాక్ష్యంలో ఎవరూ కష్టం చెప్పరు, దేవుడు చేసిన మేలే చెబుతారు. కష్టానికి వేరే వేళ ఉంది, అది ప్రార్థన మనవుల వేళ. పుట్టినప్పటి నుంచీ ఆ కూడికల్లో పెరిగిన నాకే తట్టకపోతే, బొట్టు పెట్టుకున్న ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? పైట చుట్టూ కప్పుకోవడం నేనూ రోజూ చూస్తున్నాను. హుక్కులు ఊడిపోయాయేమో, కొత్త జాకెట్టు కుట్టించుకోమంటే వినదు, పిసినారితనం అనుకున్నాను.

నాలుగో నెల ఆ పిల్లను పక్కకు పిలిచాను. "ఈసారి ఎలాగున్నారని అడక్కమ్మా. మీ ప్రార్థన మనవి ఏమిటి అని అడుగు."

ఆమె నన్ను అదోలా చూసింది. కానీ మంచి పిల్ల, అలాగే అడిగింది. అమ్మ ఒక నిమిషం తెల్లబోయింది. తర్వాత పైట తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, ఆ బెంచీ మీదే మొదలుపెట్టేసింది. బెంచీ చివర కూర్చున్న ముసలాయన ఏం జరుగుతోందో తెలియకపోయినా చేతులు జోడించాడు.

"తండ్రీ, గ్లాసు పట్టుకుంటే జారిపోతన్నాది. కుళాయి మోచేత్తో తిప్పుతన్నాను. పొద్దున్న నాలుగింటికి లెగుస్తన్నాను తండ్రీ. రెండు గంటలు సేతి ఏళ్ళు ముడుసుకోవు. ఆరింటికి మా అమ్మి లెగిసేసరికి ఈ సేతులు కదలాల. దానికి కాఫీ ఇవ్వాల. దానికి తెలీకూడదు తండ్రీ, అసలే ఒంటిది, బెంగెట్టుకుంటాది."

ఆ పిల్ల రాస్తూనే ఉంది. నాలుగింటికి లేచేది ప్రార్థనకనే అనుకున్నాను. ఆరింటికి నా చేతికి కాఫీ వచ్చేది. చల్లారిపోయిందని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. ఒక్కసారైనా ఆ చేతుల వైపు చూడలేదు, సిగ్గులేని దాన్ని.

"ఆమెన్" అని అమ్మ కళ్ళు తెరిచింది. "మరి పదికి ఎంత వెయ్యనమ్మా?" అని అడిగింది ఆ పిల్ల మెల్లగా.

అమ్మ నా వైపు చూసింది. "అమ్మీ, నువ్వు కాసేపు బయటికెళ్ళు. ఈ పిల్లకి సెప్తాను."

బయటికెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ రోజే డాక్టరు మందు మార్చారు. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుందన్నారు. అమ్మ ఏ అంకె చెప్పిందో నేను ఆయన్ని అడగలేదు.

మర్నాడు అలారం పెట్టుకుని నాలుగింటికి లేచాను. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని, వేన్నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని ఉంది. నన్ను చూడగానే తడి చేతులు పైటలో దాచేసింది.

"ఎందుకు లెగిసేవే? ఎల్లి పడుకో, నీకు బడుంది."

నేను కింద కూర్చుని ఆ చేతులు బయటికి తీశాను. నా చూపుడువేలు ఆవిడ అరచేతిలో పెట్టాను. పట్టుకోవాలని చూసింది, వేళ్ళు కదల్లేదు.

"పదికి ఎంతమ్మా?"

అమ్మ తల నా భుజం మీద ఆనించింది.

"పదే తల్లీ," అంది.