ఐదు వారాల క్రిస్టఫర్

మా స్కెల్‌బరోకి పూర్వీకులను వెతుక్కుంటూ ఎవరొచ్చినా ముందు విల్ఫ్రెడ్ సంటర్ తలుపే తట్టేవారు. ముప్పైనాలుగేళ్లు ఈ లోయలో ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. ఉద్యోగం వదిలాక బతికున్నవాళ్ల చిరునామాల నుంచి పోయినవాళ్ల చిరునామాలకు మళ్లాడు. చర్చి పుస్తకాల్లో రెండు వందల ఏళ్ల కిందటి పాదిరుల గొలుసుకట్టు రాతను, కవరు మీది అడ్రసు చదివినంత తేలిగ్గా చదివేవాడు. పెళ్లి చేసుకోలేదు. తోడబుట్టినవాళ్లు లేరు. బంధువుల కోసం కాగితాల్లోకి వెళ్లాడని ఊళ్లో కొందరు వెక్కిరించేవారు. అది అబద్ధమూ కాదు.

వచ్చినవాళ్లందరికీ ఆయన ఒకే మాట చెప్పేవాడు. "బాప్తిస్మం దొరికింది కదా అని పెళ్లిళ్ల పుస్తకానికి పరుగెత్తకండి. మధ్యలో చావుల పుస్తకం తిప్పండి. ఆ రోజుల్లో పుట్టినవాళ్లలో చాలామంది నడక రాకముందే పోయేవాళ్లు. చూసుకోకపోతే, పోయిన పసివాడికి పెళ్లి చేసి మనవల్ని కూడా పుట్టిస్తారు."

విన్నవాళ్లు నవ్వేవారు. ఆ మాటను ఆయన ఒక్కచోట తానే పాటించలేదు.

అందరూ నెల్ అని పిలిచే ఎలినార్ కాల్వర్ట్ వాగు అవతలి ఇంట్లో ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఆయనకన్నా ఆరేళ్లు పెద్ద. ఉత్తరాలు పంచినన్నాళ్లూ ఆయనకు ఆమె గుమ్మం తప్ప ఇల్లు తెలియదు. ఒక వసంతంలో ఆయన కాగితాలు చంకన పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కాడు.

"మిసెస్ కాల్వర్ట్, మీ అమ్మమ్మ పైపొలం సంటర్ల పిల్ల కదండీ. ఆవిడ వంశానికి మూలపురుషుడు జాన్ సంటర్, మా వంశానికి క్రిస్టఫర్ సంటర్. ఇద్దరూ ఒకే తండ్రి కొడుకులు. మాథ్యూ అని."

ఆమె చేతులు పిండితో ఉన్నాయి. చేతులు దులుపుకోకుండానే ఆయన్ని తేరిపార చూసింది.

"అంటే ఇన్నాళ్లూ నా తమ్ముడి చేతే నాకు కరెంటు బిల్లులు వచ్చాయన్నమాట. ముందే తెలిస్తే అవి నీ సంచీలోనే ఉంచుకోమనేదాన్ని. నుంచున్నావేం, కూర్చో."

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. మా లోయలో పుడ్డింగ్ అంటే తీపి కాదు, గుడ్డు కొట్టిన పిండిని పొయ్యి అరలో పొంగేలా కాల్చింది; దాన్ని మాంసంతో కలిపి పెట్టరు. ముందు అదొక్కటే, పొయ్యిలోంచి తీసీ తియ్యగానే గ్రేవీ పోసి పెడతారు. విల్ఫ్రెడ్ తిని, చెయ్యి తుడుచుకుని, మళ్లీ ఎప్పుడు రమ్మంటారని మర్యాదగా అడిగాడు.

"పిలిస్తే వచ్చేది పాదిరిగారు, డాక్టరుగారు. సొంతవాళ్లకి పిలుపులేంటి? పన్నెండున్నరకి తలుపు తోసుకుని రా."

పదకొండేళ్లు అలాగే వెళ్లాడు. మంచు మోకాళ్ల దాకా పడిన ఏడాది కూడా పార పట్టుకుని దారి చేసుకుంటూ వెళ్లాడు. ఆమె వంటింట్లో చేసే హడావిడికి ఆయన ఎప్పుడూ అడ్డే. "పొయ్యి తలుపు తియ్యకు తమ్ముడూ, చల్లగాలి తగిలితే పుడ్డింగ్ అలుగుతుంది. రేకులో కొవ్వు పొగలు కక్కాక గానీ పిండి పొయ్యకూడదు. నీకు చెప్పి ఏం లాభంలే, నువ్వు బతికేది రొట్టె ముక్కల మీద." ఆయన్ని తమ్ముడూ అన్న మనిషి ప్రపంచం మొత్తం మీద ఆమె ఒక్కతే. ఆ మాట కోసం ఆయన వారమంతా కనిపెట్టుకుని ఉండేవాడు.

ఐదో ఏడాది ఆమె సంటర్ల ఇంటి బైబిల్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ముందు పేజీల్లో జాన్ సంటర్ కాలం నుంచి పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, ఒక్కొక్కరి చేతిరాతలో, కింద రాసినవారి పేరూ వరసతో సహా ఉన్నారు. చివరి పేరు ఆమె భర్తది. "నా తర్వాత దీన్ని చెత్తలో పారేస్తారు. నీ దగ్గరుంటే ఆ పేరున్న ఇంట్లో ఉంటుంది" అంది.

ఆ తర్వాత ఆరేళ్లకు, ఒక అక్టోబరులో, లీడ్స్ నుంచి వచ్చిన ఒకావిడ పని మీద విల్ఫ్రెడ్ పట్నంలో రికార్డుల ఆఫీసుకు వెళ్లాడు. ఆవిడ ముత్తాతల కోసం స్కెల్‌బరో చావుల పుస్తకం తిప్పుతున్నాడు. 1761 నవంబరు దగ్గర చెయ్యి ఆగింది.

*తొమ్మిదో తేదీ. మాథ్యూ సంటర్ కొడుకు క్రిస్టఫర్, పసివాడు.*

బాప్తిస్మం ఎప్పుడో ఆయనకు కంఠతా వచ్చు. ఐదు వారాలు. నాలుగు రోజుల ముందు తల్లి పేరు కూడా అక్కడే ఉంది. మాథ్యూ మళ్లీ పెళ్లాడలేదని ఆయనకు ముందే తెలుసు. కాబట్టి ఇంకో క్రిస్టఫర్ పుట్టే దారి లేదు. పాతికేళ్ల తర్వాత మా చర్చిలో పెళ్లి చేసుకున్న క్రిస్టఫర్ సంటర్, విల్ఫ్రెడ్ మూలపురుషుడు, ఎవరి కొడుకో, ఏ ఊరివాడో. పేరు కుదిరింది, వయసు కుదిరింది, ఊరు కుదిరింది, అవతల గట్టున ఒక మనిషి ఉంది. ఆ సంబరంలో ఆనాడు చావుల పుస్తకం తిప్పలేదు.

రెండు ఆదివారాలు ఆ సంగతి దాచుకునే ఆమె ఇంట్లో భోంచేశాడు. తప్పు అడ్రసుకు చేరిన ఉత్తరాన్ని ఇంట్లో ఉంచుకోవడం ఆయన జీవితంలో చెయ్యని పని. శనివారం నాడు బైబిల్‌ను గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టి బయల్దేరాడు. వంతెన మీద నడుస్తూ, చెప్పాల్సిందంతా చెప్పాక చివర అడగాల్సిన మాటను రెండుసార్లు వల్లించుకున్నాడు: *అయినా రేపు పన్నెండున్నరకి రావచ్చా?*

"ఇవాళ ఆదివారం కాదే" అంది నెల్, కెటిల్ పొయ్యి మీద పెడుతూ.

"పొరపాటు జరిగింది. నాదే" అని మొదలుపెట్టి, తేదీలతో సహా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"ఐదు వారాలేనా?"

"ఐదు వారాలే."

"పాపం. తల్లి?"

"నాలుగు రోజుల ముందే."

ఆమె ఆయన చేతిలోని కట్ట కేసి చూసింది.

"అదేంటి?"

"బైబిల్. నేను ఆ సంటర్లవాణ్ణి కాదు. నా దగ్గరుండటం న్యాయం కాదు."

"నేనడిగానా?"

"లేదు. కానీ..."

"సరే. అక్కడ బల్ల మీద పెట్టండి, మిస్టర్ సంటర్."

కెటిల్ ఈల వెయ్యడం మొదలుపెట్టింది. ఆమె కదల్లేదు. ఆయన వల్లించుకున్న మాట నాలుక చివరే ఉంది. ఒకరింట్లో భోజనం మనంతట మనం అడగడం మావాళ్లలో లేదు. చుట్టం కాకపోయాక, పిలుపు రావాలి. టోపీ తీసుకుని వచ్చేశాడు.

మర్నాడు పన్నెండింటికి టై కట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. అవతల గట్టున పొగ గొట్టంలోంచి పొగ లేస్తూ కనిపించింది. ఒంటిగంటన్నరకి టై విప్పేశాడు.

ఆ తర్వాత దుకాణంలో, చర్చి మెట్ల దగ్గర కలుస్తూనే ఉన్నారు. "మంచు పడేలా ఉంది మిస్టర్ సంటర్." "అలాగే ఉంది మిసెస్ కాల్వర్ట్." అంతకు మించి ఒక్క మాట లేదు. ఈయన పిలుపు కోసం చూశాడు. ఆమె తలుపు చప్పుడు కోసం చూసింది. మా ఊళ్లో ఇలాంటివి ఏళ్ల తరబడి సాగుతాయి. వీళ్లకి ఏడాది కూడా మిగల్లేదు. సెప్టెంబరులో ఒక ఉదయం పొరుగింటి ఏడా ప్రాట్ పాలు ఇవ్వడానికి వెళ్లి చూస్తే, నెల్ కుర్చీలోనే పోయి ఉంది.

చర్చి గుమ్మంలో శవపేటిక తెచ్చిన మనిషి, "మీరు కుటుంబమా అండీ? ముందు బెంచీకి వెళ్లండి" అన్నాడు.

"కాదు. ఊరివాణ్ణి" అన్నాడు విల్ఫ్రెడ్.

వెనక ఐదో బెంచీలో కూర్చున్నాడు. ముందు బెంచీ చివరిదాకా ఖాళీగానే ఉండిపోయింది. పాట పాడుతున్నంతసేపూ ఆయన దానివైపే చూశాడు.

బయట ఏడా ఆయన పక్కనే నడిచింది. "నేను నెల్‌కి చెప్పాను విల్ఫ్, వెళ్లి నిన్ను కేకెయ్యమని. 'తలుపు నేను వెయ్యలేదు ఏడా. పుస్తకం చూసి తెంచుకున్నది అతను. నేను వెళ్లి బతిమాలాలా?' అంది. ఇద్దరూ ఇద్దరే."

"నేను తెంచుకోలేదు" అన్నాడు.

"మరి ఆ సంగతి ఎవరితో చెప్పావు?"

ఆయన టోపీ పెట్టుకుని వంతెన వైపు నడిచాడు.

మూడు వారాలకు లాయరు దగ్గర్నుంచి ఒక కట్ట, ఒక నల్ల రేకు, వాటితో ఉత్తరం వచ్చాయి. అందులో నెల్ వీలునామా తేదీ మార్చి పన్నెండు అని ఉంది. అంటే ఆయన బైబిల్ తిరిగి ఇచ్చేసిన నాలుగు నెలలకు రాసింది. *నా తమ్ముడు విల్ఫ్రెడ్ సంటర్‌కు మా ఇంటి బైబిల్, పుడ్డింగ్ కాల్చే నల్ల రేకు. నేర్చుకోమని చెప్పండి.* తమ్ముడన్న వరస సరి కాదేమోనని తాను అడిగితే, చెప్పింది చెప్పినట్టే రాయమని ఆమె గట్టిగా అన్నదని లాయరు విడిగా రాశాడు.

కట్ట మీద ఆయన కట్టిన దారం అలాగే ఉంది. ముడి విప్పనేలేదు.

ఆదివారం ఆయన కోడిగుడ్డు కొట్టి పిండి కలిపాడు. కొవ్వు పొగలు కక్కేదాకా ఆగలేకపోయాడు. పుడ్డింగ్ పొంగలేదు, అట్టముక్కలా రేకుకు అంటుకుపోయింది. దాని మీదే గ్రేవీ పోసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. సగం తిని, పళ్లెం పక్కకి జరిపి, బైబిల్ తెరిచాడు.

ఆమె భర్త పేరు కింద ఖాళీ ఉంది. ఆ వంశంలో రాయడానికి ఇంకెవరూ లేరు. పెన్ను తీసి, తేదీ మరోసారి సరిచూసుకుని రాశాడు: *ఎలినార్ కాల్వర్ట్, 1987 సెప్టెంబరు 14.* రాసినవారి పేరు కూడా ఉండాలి కనుక దాని కింద తన పేరు రాశాడు. పేరు పక్కన ఏం వరస రాయాలో తెలియక పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పేజీ మీద సిరా ఆరిపోయింది. ఆ చోటు అలాగే వదిలేసి, గ్రేవీ గడ్డకట్టిన పళ్లెం కడగడానికి లేచాడు.