మావయ్య కారులో చచ్చిపోయిన ముల్లు

మా మావయ్య ప్రతి ఆదివారం ఉప్పుకాగితం ముక్క పట్టుకుని తన పాత కారు ముందు వంగేవాడు. ఇంజనుకి నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ పాయింట్లు గీకి, వాటి మధ్య సందు సరిచూసి, నడుం పట్టుకుని లేచేవాడు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే నాకు ఆ తతంగం చూస్తే ఒళ్ళు మండేది. లోకం ఎక్కడికో పోతుంటే అంబాజీపేటలో ఈయన ఇనుప ముక్కలు గీక్కుంటూ కూర్చున్నాడని నా చిన్నచూపు.

అందుకే ఆన్‌లైన్లో పాయింట్లతో పనిలేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ తెప్పించి నేనే బిగించాను. పాయింట్లు తీసి అవతల పారేశాను. కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం మీటరు ముల్లు మాత్రం సున్నా దగ్గర చచ్చి పడుంది.

ఇంకొకరికైతే అది పెద్ద విషయం కాదు. మావయ్యకి చెవులు దాదాపు పోయాయి. ఇంజను మోత వినబడదు కాబట్టి ముల్లు చూసే గేరు మార్చేవాడు, ముల్లు చూసే ఇంజను ఆగిందో నడుస్తోందో తెలుసుకునేవాడు. అది లేకుండా ఒక శనివారం ఎప్పటిలా స్వామి దర్శనానికని అంతర్వేది బయలుదేరి, రాజోలు దాకా రెండో గేరులోనే వెళ్ళాడు. దారి పొడుగునా ఇంజను గోల విని జనం చేతులూపితే, పలకరిస్తున్నారనుకుని తనూ ఊపాడట. తిరిగొచ్చి తాళాలు మేకుకి తగిలించేశాడు.

"ఇంక నావల్ల కాదులేరా" అన్నాడు. శనివారాలు వీధి అరుగు మీద ఊరికే కూర్చోవడం మొదలుపెట్టాడు.

కారుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. కొబ్బరి గోడౌను పక్కన రేకుల షెడ్డు అతనిది. నేను లాగిన తీగల్ని చాలాసేపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఎలా ఉందయ్యా నా పని?"

"ఆయ్, బాగా చేసేరండీ."

"మరి ముల్లెందుకు లేవదు?"

"మీటరు పాతదైపోయిందండి మాస్టారూ. చూద్దారండి."

రెండు నెలల్లో నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ అదే ఆయ్, అదే చూద్దారండి. ఈ మెకానిక్కులకి స్పానరు తిప్పడం తప్ప కరెంటు ఎటు పోతుందో తెలియదని స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను. చివరికి అతని మొహం మీదే అన్నాను. దానికీ "ఆయ్" అన్నాడు. అంత చవటని నేనెక్కడా చూడలేదనుకున్నాను.

అయిదోసారి మావయ్య కూడా వచ్చాడు. నేను రోడ్డవతల టీ తాగుతున్నాను. షెడ్డులో మావయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏదో అడిగాడు. మెకానిక్ నావైపు ఓ చూపు చూసి నెమ్మదిగా చెప్పాడు. "ఆఁ?" అన్నాడు మావయ్య. ఇంకాస్త గట్టిగా చెప్పాడు. "ఆఁ?" ఇక అతనికి అరవక తప్పలేదు.

"మీటరు బానే ఉందండీ! కాయిల్‌కెళ్ళే తీగ మీటరు వెనకాల చుట్టు తిరిగి వెళ్ళాలండీ! ఆ చుట్టులో కరెంటు పోతేనే ముల్లు లేచేదండీ! మాస్టారు ఆ చుట్టు కోసేసి, తీగ నేరుగా ఇచ్చేసేరండీ! అంత చదువుకున్నోరికి మొహం మీద ఎలా చెప్తామండీ!"

లారీకి కాయలెత్తుతున్న కూలీలంతా ఆగి నావైపు తిరిగారు. నిజమే, నేనే కోశాను. ఈ మెలిక ఎవడు పెట్టాడ్రా బాబూ అని నవ్వుకుంటూ కోశాను. తీగలో కరెంటు పోతే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుందని ఏటా పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. సిగ్గుతో టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

గుసగుసగానే చెబుతున్నాననుకుని మావయ్య కూడా అరిచాడు.

"తెలుసయ్యా! వాడు కోసినప్పుడు పక్కనే ఉన్నాను. చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను. నువ్వూ ఏం అనకు!"

తీగ మళ్ళీ చుట్టడానికి పది నిమిషాలు పట్టింది. మావయ్య సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ముల్లు లేచింది. నేను దగ్గరికెళ్ళేసరికి అద్దం దింపాడు.

"చూశావురా," అన్నాడు, "నీ కిట్టు ఎంత బాగా పనిచేస్తోందో."