రైలు పట్టా గంట

ఇందాక నోటీసు బోర్డుకి మార్కుల లిస్టు గుచ్చబోతే, పిన్ను తుప్పు వాసన వేళ్లకి అంటింది. నౌపడ హాస్టల్ అమ్మాయిల్లారా, మనకి గంటంటే వేలాడే రైలు పట్టా ముక్క, గుర్తుందా? నేను లెక్కల్లో తప్పినప్పుడు మేట్రనమ్మ తిట్టలేదు. ఇనప కడ్డీ చేతికిచ్చి, “రేపట్నుంచి పొద్దున్న సదువు గంట నువ్వే కొట్టాల. నువ్వు లెగిస్తేనే అందరూ లెగుస్తారు, సూడు” అంది. అందరికంటే ముందు లేచి చేసేదేముంది? లెక్కలే చేశాను. పాసయ్యాను.

ఇప్పుడు ఈ కాలేజీ హాస్టల్‌కి నేనే వార్డెన్ని. తప్పి, లిస్టులో ఆఖరి పేరైన పిల్ల వెనక నుంచి, “మేడం, లిస్టు ఎట్టేస్తన్నారేటి?” అంది. లిస్టు మడిచి గదికి తెచ్చేసుకున్నాను. అప్పట్నుంచి గదిలో తిరుగుతూనే ఉన్నాను. దాని చేతికేం ఇవ్వను? ఇక్కడ ఎవరి అలారం వాళ్ల ఫోన్లోనే ఉంది.