జ్వరం అని రాసిన చోట

కార్ల ఫ్యాక్టరీ మా ఆయన్ని లే ఆఫ్ చేసిన నెలలోనే నాకు నెల తప్పింది. ఎనభైల మొదట్లో మిషిగన్‌లో అలాంటి ఇళ్లు వీధికి నాలుగుండేవి కాబట్టి మా మీద ఎవరూ ప్రత్యేకంగా జాలిపడలేదు. ఆయన ఉద్యోగంతో పాటు ఆ ఇన్సూరెన్సూ పోయింది. అంతకు కొద్ది నెలల ముందే నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనికి చేరడం మా అదృష్టం. నా ఇన్సూరెన్స్ మీదే పురుడు జరగాలి.

పని బేస్‌మెంట్‌లో. కిటికీ కూడా లేదు. నూరేళ్ల కిందట, తెల్లవాళ్ల పాలనలో, కోస్తాలోని ఒక రేవు పట్నంలో రాసిన జనన మరణాల పుస్తకాలను ఒక చరిత్ర ప్రొఫెసరు ఫిల్ము తీయించి తెప్పించుకున్నాడు. అవన్నీ గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా, అక్షరం వెనక అక్షరం కలుపుకుంటూ పోయే పాత తెలుగు. చిన్నప్పుడు మా తాతయ్య కాగితాలు చదివిన పుణ్యాన నాకది వచ్చు. మిషిగన్ మొత్తంలో ఇంకెవరికీ రాదని ప్రొఫెసరు నమ్మకం. నేను ఆ ఫిల్ముని మెషిన్ తెర మీద చదివి, ఒక్కొక్క చావుకీ కారణాన్ని బట్టి ఒక నంబరు వేయాలి. కలరాకి ఒకటి, మశూచికి రెండు, జ్వరానికి మూడు. సగం ఊరు మూడుతోనే పోయింది. రాసినవాడు డాక్టరేమీ కాదు. తలారి వచ్చి చెప్పింది గుమాస్తా రాసుకునేవాడు. జ్వరం అని రాసేస్తే ఇద్దరికీ పని తీరిపోయినట్టే.

ఐదో నెలలో, బుద్ధి లేక, రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. జననాల పుస్తకంలో తండ్రి పేరు, వీధి ఉంటాయి. తల్లి పేరుకి గడే లేదు. మరణాల పుస్తకంలో ఆడవాళ్లంతా ఫలానా వాడి భార్యలు. ఒక కంసాలికి ఆడపిల్ల పుట్టిన తొమ్మిదో రోజున ఆ కంసాలి భార్య జ్వరంతో పోయింది. ఇంకో పేరు వెతికాను. పదకొండో రోజు. ఇంకొకటి, ఆరో రోజు. అన్నీ బాలింత చావులే, పురుడు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఇక ఆపుకోలేకపోయాను. పుట్టుక కనిపిస్తే చాలు, తర్వాతి రెండు వారాల చావులు తిరగేసేదాన్ని. కడుపులో బిడ్డ తన్నుతుంటే తెర మీద ఇంకొకతె పోయేది.

ప్రొఫెసరుకి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. "పుస్తకంలో ఏముంటే అదే వేయాలమ్మా, మన ఊహలు కాదు" అన్నాడు చివరికి. వెళ్లి మళ్లీ మూడు వేశాను.

ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. "నేను మానేస్తానండీ. ఆ చావులు చదవడం నావల్ల కాదు."

"మానేస్తే డెలివరీ ఎట్లా? కొత్త పాలసీలో ముందే ఉన్న ప్రెగ్నెన్సీ కవర్ చెయ్యరట. కాల్ చేసి కనుక్కున్నా." ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గుంది. "ఈ నాలుగు నెలలూ ఓర్చుకో."

పురిట్లో బతకాలంటే పురిటి చావులు చదువుతూ కూర్చోవాలి, అంతే.

మార్చిలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు సాయంత్రం నాకు ఒళ్లు వెచ్చబడింది. నర్సు థర్మామీటరు చూసి, "కొంచెం జ్వరం. పాలు పడేటప్పుడు మామూలే" అంటూ చార్టు మీద రాయబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"జ్వరం అని రాసి వెళ్లిపోకండి! ఎందుకొచ్చిందో చూడమనండి!"

వరండా చివరిదాకా వినపడేలా అరిచానట. మా ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. డాక్టరు వచ్చి పరీక్ష చేస్తే గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. ఆ పూటే నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

మర్నాడు ఆసుపత్రి ఆఫీసు నుంచి ఒకావిడ బర్త్ సర్టిఫికెట్ ఫారం తెచ్చింది. తండ్రి పేరు మా ఆయన నింపాడు. దాని పక్కనే తల్లి పేరుకి గడి ఉంది. "నీది కూడా నేనే రాసేస్తా" అన్నాడు. వద్దన్నాను. నా ఒళ్లింకా కాలిపోతోంది. బిడ్డ పుస్తకానికెక్కాక తల్లి ఎన్నో రోజున పోతుందో నెలల తరబడి చూసినదాన్ని. ఫారం తీసుకుని తలగడ కింద దాచుకున్నాను. మూర్ఖత్వమే, ఒప్పుకుంటాను. ఆవిడ రెండుసార్లు వచ్చి అడిగినా ఇవ్వలేదు.

ఏడో రోజు పొద్దున జ్వరం పూర్తిగా దిగింది. కలం అడిగి తీసుకుని, పుట్టింటి ఇంటిపేరుతో సహా నా పేరు మొత్తం రాశాను. గడి చాలక అక్షరాలు పక్క గడిలోకి పోయాయి. అది చూసి చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు పాపకి కూడా ఇన్సూరెన్స్ కావాలి. ఆరు వారాలకి మళ్లీ బేస్‌మెంట్ మెట్లు దిగాను. తెర మీద ఒక నూనె వ్యాపారి భార్య, జ్వరం. అంతకు ఎనిమిది రోజుల ముందు అతనికి కొడుకు పుట్టాడు. ఆమె పేరేమిటో తెలుసుకునే దారి లేదు. మూడు వేశాను.