రేకీ అత్తయ్య చేతులు

నరసరావుపేటలో మా పక్కింటి అత్తయ్య రేకీ నేర్చుకుంది. అరచేతులు రుద్దుకుని, నొప్పి ఉన్నచోట మెల్లగా ఆనించి కళ్లు మూసుకునేది. చేతుల్లోంచి ప్రాణశక్తి పారుతుందని ఆమె నమ్మకం. అయినా, "మందులు మాత్రం మానొద్దు" అని అందరికీ చెప్పేది.

రాళ్ల క్వారీ దుమ్ముకి మా నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. చేసేదేం లేదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. అత్తయ్య రోజూ వచ్చి ఆయన రొమ్ము మీద చేతులుంచేది.

"తగ్గుద్దంటావా చెల్లెమ్మా?" అని ఒకరోజు నాన్న అడిగాడు.

"తగ్గదన్నయ్యా. కాసేపు ఆయాసం తెలవకుండా ఉంటదేమో, అంతే."

నాన్న ఆమె చేతుల మీద తన చెయ్యి వేశాడు. "అయితే తియ్యమాక."

ఆ మధ్యాహ్నమే ఆయన ఊపిరి ఆగిపోయింది. అమ్మ ఏడుస్తూ, "పోయాడు, ఇక చేతులు తియ్యి వదినా" అంది.

అత్తయ్య కదల్లేదు.

"ఇంకా వెచ్చగానే ఉన్నాడు వదినా" అంది.